అనిమేలో కంప్యూటర్ బొమ్మలు: తప్పు యంత్రానిదా, వాడే చేతిదా?

చిత్రలేఖ:

2025 సెప్టెంబరులో "డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్" అనే అనిమే (జపాన్ యానిమేషన్) సినిమా తెలుగు డబ్బింగుతో మన థియేటర్లకు వచ్చినప్పుడు చూసినవారికి ఆ కోట గుర్తుండే ఉంటుంది. గదుల మీద గదులు, తలకిందులుగా వేలాడే మెట్లు, మనిషి కింద పడుతుంటే పక్కలకు జరిగిపోయే గోడలు: ఇదంతా యూఫోటేబుల్ స్టూడియో కంప్యూటర్‌లో కట్టిన కోట. నాకది ఎంతో నచ్చింది. అయితే అందులో కత్తి దూసే మనిషిని చేత్తోనే గీశారు. నా వాదన కూడా అదే: కోటలకూ ఓడలకూ కంప్యూటర్‌ను వాడుకోవచ్చు గానీ, మనుషులకు వాడకూడదు.

2016 నాటి "బెర్సెర్క్" సిరీస్ చూశాకే నాకీ అభిప్రాయం స్థిరపడింది. దానికి మూలమైన మాంగాలో (జపాన్ బొమ్మల కథలో) కెంతారో మియురా కవచం మీది నీడను లెక్కలేనన్ని సన్నగీతలతో తెచ్చేవారు. తెర మీద ఆ గీతలు బొమ్మకు అతికించిన కాగితంలా ఉండిపోయాయి. కథానాయకుడు గట్స్ అంత పెద్ద కత్తిని ఊపుతున్నా ఆ బరువు అతని భుజంలో కనిపించలేదు. చేత్తో గీసేవారు మన వైపు దూసుకొచ్చే పిడికిలిని తలకంటే పెద్దదిగా గీస్తారు. కొలతల ప్రకారం అది తప్పే అయినా కంటికి నిజమనిపిస్తుంది. కంప్యూటర్ బొమ్మకు ఆ స్వేచ్ఛ లేదు.

నీలిగీత:

చిత్రలేఖ గారూ, నేను హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో తొమ్మిదేళ్లుగా త్రీడీ యానిమేటర్‌గా పనిచేస్తున్నాను. "బెర్సెర్క్"లో మీరు చూపిన లోపాలన్నీ ఒప్పుకుంటాను, కానీ వాటికి కారణం మీరు చెప్పినది కాదనుకుంటున్నాను.

సినిమా సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిశ్చల చిత్రాలు, నడుస్తుంది. 1963లో మాంగా రచయిత తెజుకా ఒసాము "ఆస్ట్రో బాయ్"ని ప్రతివారం టీవీలో ఇవ్వడానికి బొమ్మల సంఖ్యను బాగా తగ్గించుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి జపాన్‌లో ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేముల పాటు నిలిపి, సెకనుకు 8 బొమ్మలతో నడిపించడం అలవాటుగా స్థిరపడింది. డబ్బు చాలక మొదలైన ఆ పద్ధతే క్రమంగా ఒక లయ అయింది: దెబ్బకు ముందు బొమ్మ ఒక్క క్షణం ఆగుతుంది, తర్వాత రెండే బొమ్మల్లో చెయ్యి అటునుంచి ఇటు వచ్చేస్తుంది. కంప్యూటర్‌కు ఈ లయ తెలియదు. మొదటి భంగిమ, చివరి భంగిమ ఇస్తే మధ్యలోని ఫ్రేములన్నిటినీ సమంగా, నునుపుగా నింపేస్తుంది, అందుకే పాత్ర నీళ్లలో నడుస్తున్నట్టు కనిపిస్తుంది. దాన్ని సరిచేద్దామని మూడింట రెండు ఫ్రేములు తీసేసి ఊరుకుంటే బొమ్మ నత్తినత్తిగా కదులుతుంది తప్ప లయ రాదు, ఎందుకంటే ఏ భంగిమ దగ్గర ఆగాలో, దేన్ని దాటేయాలో మనిషే కూర్చుని ఎంచాలి.

గీత సంగతి కూడా చెప్పాలి. త్రీడీ బొమ్మ చుట్టూ కనిపించే నల్లగీతను చాలాచోట్ల ఎవరూ గీయరు. బొమ్మకు కొంచెం పెద్దదైన నల్లటి తొడుగు తయారుచేసి, దాన్ని లోపలి వైపు బయటికి వచ్చేలా తిరగేసి తొడుగుతారు, అంచున మిగిలిన నలుపు గీతలా కనిపిస్తుంది. అలాగే వదిలేస్తే ముక్కు దగ్గరా మోచేతి దగ్గరా ఒకే మందం ఉంటుంది. ఓపిక ఉంటే ఎక్కడ సన్నబడాలో ఎక్కడ లావెక్కాలో బిందువు బిందువుకూ చెప్పవచ్చు. మీరన్న పిడికిలీ అంతే: ఆ షాట్‌లో కెమెరాకు కనిపించేంత మేర మణికట్టు నుంచి సాగదీసి పెద్దది చేస్తాం. మరో కోణం నుంచి చూస్తే ఆ చెయ్యి వికారంగా ఉంటుంది, కానీ ఆ కోణం ప్రేక్షకుడికి కనబడదు.

మనుషులకు వాడకూడదన్న మాటకు నా జవాబు "లాండ్ ఆఫ్ ది లస్ట్రస్". ఇచికావా హరుకో మాంగాను 2017లో ఆరెంజ్ స్టూడియో సిరీస్‌గా తీసింది. క్యోగోకు తకాహికో దర్శకుడు. అందులో ప్రధాన పాత్రలు దాదాపు అన్నీ రత్నాలు, వాళ్ల జుట్టూ రత్నమే. తల తిప్పితే వెలుగు జుట్టులో దూరి విరిగి మరో రంగుగా బయటికి వస్తుంది. దాన్ని ప్రతి బొమ్మలోనూ చేత్తో గీయడం వారం వారం వచ్చే సిరీస్‌లో సాధ్యమయ్యే పని కాదు. వారిలో ముఖ్యపాత్ర ఫాస్‌ఫోఫిలైట్ చేతులు పోగొట్టుకున్నాక వాటి స్థానంలో వచ్చిన బంగారు మిశ్రమలోహం తన మాట వినకుండా కరిగి పొంగే దృశ్యాన్ని ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. అక్కడ కంప్యూటర్ కథకు అవసరమై వచ్చింది.

పాతరీలు:

మీరిద్దరూ కళ గురించే మాట్లాడుతున్నారు, నా బాధ గడువుల గురించి. మనుషులను తినే టైటాన్లనే రాక్షసుల కథ "అటాక్ ఆన్ టైటాన్" 2013 నుంచి విట్ స్టూడియోలో సాగి, 2020 డిసెంబరులో మొదలైన చివరి సీజన్ కోసం మప్పా అనే మరో స్టూడియో చేతికి వచ్చింది. అప్పటి నుంచి చాలా షాట్లలో టైటాన్లు త్రీడీ బొమ్మలయ్యారు. గీసేవారు తక్కువ, సమయం ఇంకా తక్కువ అయినప్పుడు కంప్యూటర్‌ను ఆశ్రయిస్తే, ఆ తొందర తెర మీద కనబడుతుంది కదా?

నీలిగీత:

కనబడుతుంది. త్రీడీ అంటే చవక, త్వరగా అయిపోతుంది అన్న లెక్కతో మొదలుపెట్టే నిర్మాతల వల్లే దీనికి చెడ్డపేరు వచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను. బొమ్మను ఒకసారి తయారుచేసుకున్నాక మళ్లీమళ్లీ వాడుకోవచ్చు, అంతవరకే ఆదా. నటనకు పట్టే కాలం ఏమాత్రం తగ్గదు. 2022లో వచ్చిన బాస్కెట్‌బాల్ సినిమా "ది ఫస్ట్ స్లామ్ డంక్"లో మాంగా రచయిత ఇనోవే తకెహికో తానే దర్శకత్వం వహించి, త్రీడీ బొమ్మల మీద తన చేత్తో దిద్దుబాట్లు గీసి ఇచ్చారు. ఆట చివరి క్షణాల్లో శబ్దమంతా ఆగిపోయినప్పుడు, అవి కంప్యూటర్ బొమ్మలన్న మాటే మనకు తట్టదు.

చిత్రలేఖ:

ఆ సినిమా నిన్న రాత్రి మళ్లీ పెట్టి, ఆపి ఆపి చూశాను. మొదట్లో ఆటగాళ్లు పెన్సిల్ గీతల్లో పుట్టి మన వైపు నడిచి వస్తారు, ఆ నడకే తర్వాత కోర్టులోనూ కొనసాగినట్టు అనిపించింది. మనుషులకు అసలు వాడకూడదన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. కానీ గమనించండి, మీరు మెచ్చిన ఈ సినిమాను కూడా పెన్సిల్ పట్టినవాడి దిద్దుబాటే నిలబెట్టింది. రేపు అలా దిద్దగలిగేవారు లేకపోతే ఏం చేస్తారు?

నీలిగీత:

నా భయమూ అదే. మా దగ్గర కొత్తగా చేరే పిల్లలకు సాఫ్ట్‌వేర్ బాగా వచ్చు, కానీ చాలామంది పరిగెత్తే మనిషిని ఒక్కసారి కూడా కాగితం మీద గీసి చూడలేదు. ఆరు నెలలుగా శనివారం మధ్యాహ్నాలు నలుగురిని కూర్చోబెట్టి, ఒక పరుగును 8 బొమ్మల్లో పెన్సిల్‌తో గీయిస్తున్నాను. పోయిన వారం వారిలో ఒక అమ్మాయి తన షాట్ తెరిచి, మెట్టు దిగే ముసలాయన నడకలో తాను పెట్టిన భంగిమల్లో సగం తీసేసింది. మోకాలు వంగేచోట మిగిలిన భంగిమను ఇంకో రెండు ఫ్రేములు ఆపింది. ఆయన మోకాలి నొప్పి మాకందరికీ కనిపించింది.