బత్తాయి, చీనీ, మోసంబి: మూడూ ఒకటేనా?

మా నల్లగొండ దిక్కు బత్తాయి అంటం. అనంతపురం వాళ్లు చీనీ అంటరు. హైదరాబాద్‌ల జ్యూస్ బండి మీద మోసంబి అని రాసి ఉంటది. మూడూ ఒకటేనా? బత్తాయికి, బత్తేనికి ఏమన్న చుట్టరికం ఉన్నదా?

— బత్తెంతో ఏ చుట్టరికమూ లేదండీ. బత్తాయి అన్న పేరు బతావియా నుంచి వచ్చిందన్న మాటే నాకు సరిగా తోస్తుంది. డచ్చివాళ్ల బతావియా అంటే ఇప్పటి జకార్తా. మచిలీపట్నంలో వాళ్ల వర్తకం 17వ శతాబ్దంలోనే సాగింది. బతావి, బత్తావి, బత్తాయి: చివరి 'వి' 'యి' కావడం మన నోటికి కొత్త కాదు. బెంగాలీలు 'బాతాబి లేబు' అంటారు, కానీ అది పంపరపనస! పేరు ఓడరేవుది కాబట్టి ఒకచోట ఒక పండుకు, ఇంకోచోట ఇంకో పండుకు అంటుకుంది. చీనీ అంటే చీనాది. ఈ జాతి పుట్టిల్లు దక్షిణ చైనా వైపే కనుక మూడింట్లో నిజానికి దగ్గరి పేరు అదే. మోసంబి పేరులో ఉన్నది ఆఫ్రికాలోని మొజాంబిక్.

— వాడుకలో మూడూ ఒకటే అన్నా, తోట పెట్టేవాళ్లకు మాత్రం కాదు. నల్లగొండ తోటల్లో ఎక్కువగా ఉండేది సాత్‌గుడి రకం: తొక్క నున్నగా ఉంటది. మోసంబి వేరే రకం, తొక్క మీద నిలువు గీతలు, అడుగున గుండ్రటి వలయం కనిపిస్తయి. నర్సరీల 'బత్తాయి మొక్క' అని ఊరుకోవద్దు. రకం సాత్‌గుడేనా, అంటు రంగపూర్ నిమ్మ మీద కట్టిండ్రా, జంబేరి నిమ్మ మీదనా అని అడగాలె.

— ఇంకో మాట. ఇంగ్లీషులో దీన్ని 'స్వీట్ లైమ్' అనడం చూసి 'తీపి నిమ్మ' అని అనువదిస్తున్నారు. తప్పు. బత్తాయి నారింజ జాతిది, సిట్రస్ సైనెన్సిస్. స్వీట్ లైమ్ వేరే చెట్టు. మందుల కాగితాల మీద 'గ్రేప్‌ఫ్రూట్' (ఇదీ నారింజ, పంపరపనసల కుటుంబపు పండే) కనబడితే 'ద్రాక్షపండు' అని రాసేవాళ్లూ ఉన్నారు. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే కొన్ని మందులతో పడనిది గ్రేప్‌ఫ్రూట్, ద్రాక్ష కాదు.

— మరి పండినంక కూడ 'బత్తాయి కాయ' అనే ఎందుకంటరు?

— మన వేడికి లోపల పక్వమైనా తొక్క పచ్చగానే ఉంటది. పసుపు తిరగాలంటే రాత్రిళ్లు చల్లబడాలె. అందుకే రైతు నోట్ల అది కాయనే: సీజన్ కాయ, కత్తెర కాయ (సీజన్ కాని కాలంలో వచ్చేది). 'బత్తాయి పండ్లు' పేపరోళ్ల మాట.