శిక్ష ముగిసి పదిహేనేళ్లు దాటినా తుపాకీ లైసెన్స్ తిరస్కరించారు. అప్పీలులో ఏం జత చేయాలి?

మాది చిత్తూరు జిల్లా. అడవి అంచున మూడెకరాల వేరుశనగ. పంట కాపలాకి మందు కూరి పేల్చే తుపాకీ లైసెన్స్ కోసం ఫారం ఏ-1 పెట్టుకున్నాను. తిరస్కరించారు. ఆర్డర్‌లో ఉన్నది ఒకే వాక్యం: "దరఖాస్తుదారుపై గతంలో క్రిమినల్ కేసు ఉన్నందున." శిక్ష ఎప్పుడు ముగిసిందో ఒక్క ముక్క లేదు.

కేసు 2008లో గట్టు తగాదాది. ఐపీసీ 324 (ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం) కింద ఆరు నెలల శిక్ష పడింది, పూర్తిగా అనుభవించి 2010 మార్చిలో బయటికొచ్చాను. తర్వాత ఒక్క కేసూ లేదు. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 9 ప్రకారం ఇలాంటి శిక్ష ముగిశాక ఐదేళ్ల వరకే నిషేధం. అంటే నాకది 2015లోనే తీరిపోయింది.

స్టేషన్‌లో అడిగితే రిపోర్టు పైకి పంపేశాం అన్నారు. సెక్షన్ 14(3) చూపించి తిరస్కరణ కారణాలు రాతపూర్వకంగా ఇవ్వమని రిజిస్టర్డ్ పోస్టులో అడిగాను. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు వచ్చింది, జవాబు రాలేదు. జైలు విడుదల సర్టిఫికెట్ వెంట తీసుకెళ్తే కౌంటర్‌లో తీసుకోలేదు. ఇక్కడేమో మొన్న తెల్లారి చూస్తే నాలుగు సాళ్లు పందులు మూతితో దున్నేసి ఉన్నాయి, ఊడలు దిగిన వేరుశనగ మొక్కలన్నీ వేళ్లు పైకి తేలి వాడిపోయాయి.

సెక్షన్ 18 కింద అప్పీలు వేస్తున్నాను, గడువు దగ్గర పడింది. పాత శిక్ష ఉండి అప్పీలులో లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: తీర్పు నకలు, విడుదల సర్టిఫికెట్ కాకుండా ఇంకే కాగితం జత చేస్తే మీది ఒప్పుకున్నారు?