రెండు జట్లూ గోల్ చేస్తాయనే పందెంలో అదనపు సమయం లెక్కలోకి వస్తుందా?

ప్రశ్న: ఫుట్‌బాల్ నాకౌట్ మ్యాచ్‌లో రెండు జట్లూ గోల్ చేస్తాయా లేదా అనే పందేనికి అదనపు సమయంలో (90 నిమిషాల ఆట సమంగా ముగిస్తే ఆడించే మరో 30 నిమిషాల్లో) పడిన గోల్స్‌ను కూడా లెక్కిస్తారా? దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు: సాధారణంగా లెక్కించరండి. 90 నిమిషాలతో పాటు రిఫరీ కలిపే ఇంజూరీ టైమ్ వరకే చూస్తారు. 2022 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో 90 నిమిషాలకు 0-0గా ఉన్న బ్రెజిల్, క్రొయేషియా జట్లు, నెయ్‌మార్, పెట్కోవిచ్ గోల్స్‌తో అదనపు సమయంలో 1-1కు చేరినా, ఈ నియమం ప్రకారం ‘అవును’ అన్న పందెం ఓడినట్లే. పెనాల్టీ షూటౌట్‌లో పడిన గోల్స్‌ను కూడా లెక్కించరు.

రెండో జవాబు: సెల్ఫ్ గోల్ (ఆటగాడు పొరపాటున సొంత గోల్‌లోకే బంతిని పంపడం) మాత్రం లెక్కలోకి వస్తుంది, స్కోరు ఏ జట్టుకు చేరితే ఆ జట్టు గోల్ చేసినట్లే. ఇంకొక ముఖ్యమైన విషయం: ‘అవును’కు 1.80, ‘కాదు’కు 1.90 ధర (గెలిస్తే ఒక రూపాయికి తిరిగి వచ్చే మొత్తం) ఇస్తే, వాటి వెనుకనున్న సంభావ్యతలు (ఒకటిని ధరతో భాగిస్తే వచ్చేవి) కలిపి సుమారు 108 శాతం అవుతాయి. వందకు మించిన ఆ 8 శాతమే పందెం నిర్వాహకుడి మిగులు.

అడిగినవారు: క్రొయేషియా ఉదాహరణతో నా సందేహం పూర్తిగా తీరింది, ధన్యవాదాలు.