వంటింటికి గోడ ఉంచాలా, తీసేయాలా? (బెంగళూరు, 30×40 సైట్)

కేఆర్ పురం కోడలు:
కేఆర్ పురం దాటాక 30×40 సైట్‌లో ఇల్లు మొదలుపెట్టాం. హాలు, డైనింగ్, వంటిల్లు మూడూ ఒకటే చేసేయమని డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడి పోరు. వాళ్లింట్లో పొయ్యి దగ్గర నిలబడితే వీధి తలుపు కనిపిస్తుంది, మధ్యలో గోడే లేదు. "ఇదంతా పళ్లున్న ఒక రేకు ముక్క చలవే అక్కా" అంటాడు. మా అత్తగారేమో వంటింటికి గోడా తలుపూ ఉండాల్సిందేనని పట్టు. రేకుకీ గోడకీ ఏమిటి సంబంధం? అది మనకి నప్పుతుందా?

సెంట్రింగ్ సుబ్బడు:
మీ తమ్ముడు చెప్పింది నిజమేనండీ. 1955లో ఫ్లోరిడాలో జాన్ కాల్విన్ జూరైట్ అనే ఇంజినీరు కనిపెట్టాడు, పేరు గ్యాంగ్-నెయిల్. గాల్వనైజ్డ్ రేకును పంచ్ చేస్తే అందులోంచే పళ్లు లేస్తాయి. చెక్కలు కలిసేచోట ఇటొకటి అటొకటి పెట్టి ప్రెస్సుతో నొక్కడమే, విడిగా మేకులు అక్కర్లేదు. అంతకుముందు వడ్రంగులు ఇంటి మీదికెక్కి ఒక్కో వాసం కోసుకుంటూ కప్పు కట్టేవాళ్లు. ఇక ట్రస్సులు, అంటే కప్పును మోసే త్రికోణాల చెక్క చట్రాలు, ఫ్యాక్టరీలో తయారై లారీలో వచ్చి దిగడం మొదలైంది.

ట్రస్సు ఈ బయటి గోడ నుంచి ఆ బయటి గోడకి ఒక్క అంగలో దాటేస్తుంది. కప్పు బరువు లోపలి గోడ మీద పడదు, కాబట్టి ఆ గోడ ఎక్కడైనా పెట్టుకోవచ్చు, అసలు మానేయొచ్చు. 1950లో అక్కడ కొత్త ఇల్లు సగటున వెయ్యి చదరపు అడుగుల లోపే. 2000 నాటికి రెండు వేలు దాటింది. రేకొక్కటే కారణం కాదనుకోండి, కార్లూ లోన్లూ ఉన్నాయి.

మనకి ఆ పని పిల్లర్లు, బీమ్‌లు చేస్తాయి. ముందు ఇది చెప్పండి: మీది పిల్లర్ల ఇల్లా, సాలిడ్ బ్లాక్ గోడల మీదే స్లాబ్ వేస్తున్నారా? రెండోదైతే గోడ జోలికి వెళ్లకండి.

హొరమావు అక్క:
పొరుగింటి పుల్లకూర రుచి! ఆ ట్రస్సుల గురించి అక్కడి ఫైరింజన్ వాళ్లనడగండి. పళ్లు చెక్కలోకి దిగేది అర అంగుళం లోపే. మంటల్లో చెక్క పైపొర బొగ్గయితే రేకు పట్టు వదిలేస్తుంది, కప్పు తొందరగా కూలుతుంది. పైగా అటకంతా అడ్డకర్రలే.

మాది ఓపెన్ కిచెన్. ఎండుమిరపకాయల తాలింపు వేస్తే హాల్లో ఆఫీసు కాల్‌లో ఉన్న మావారు మ్యూట్ నొక్కి మరీ దగ్గుతారు. సోఫాకి చేపల పులుసు వాసన రెండ్రోజులుంటుంది. చిమ్నీ వేస్తే టీవీ వినపడదు.

పేయింగ్ గెస్ట్:
మా అమ్మ ముప్పై ఏళ్లు తలుపున్న వంటింట్లో ఒక్కతే వండింది. హాల్లో మేం నవ్వితే "ఏంటర్రా?" అని లోపల్నుంచి కేకేసేది. మేం చెప్పేవాళ్లం కూడా కాదు. తాలింపు ఘాటొక్కటేనా లెక్క?

కేఆర్ పురం కోడలు:
సుబ్బడు గారూ, మాది పిల్లర్లే. గోడ తీయొచ్చట. మధ్య పిల్లర్ కూడా వద్దంటే మాత్రం పద్దెనిమిది అడుగుల బీమ్ పడుతుంది, అది అడుగున్నర కిందికి దిగుతుందన్నారు. పిల్లర్ ఉంచేశాం.

నిన్న మేస్త్రి నేల మీద సుద్దముక్కతో వంటింటి గోడ గీశాడు. అత్తగారు స్టవ్ వచ్చే చోట నిలబడి, మెడ అటూ ఇటూ తిప్పి, "ఇక్కణ్ణుంచి టీవీ కనిపించదేం?" అన్నారు. మేస్త్రి చెప్పుకాలితో నాలుగడుగుల గీత చెరిపేశాడు. తలుపు గీత మాత్రం ఇంకా ఉంది.