చర్చ: మర్దన నొప్పి పుడితేనే పనిచేసినట్టా?

మెడనొప్పి:
రోజంతా కంప్యూటర్ ముందే పని. మెడ వెనక, కుడి భుజం పైన ఎప్పుడూ పట్టేసినట్టే ఉంటుంది. నూనె రాసి మెల్లగా నిమిరే స్వీడిష్ మసాజ్ చేయించుకుంటే ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది, రెండోరోజుకి మళ్ళీ మామూలే. "లోపలి కండరాలదాకా గట్టిగా నొక్కే డీప్ టిష్యూ మసాజ్‌కి వెళ్ళు, కళ్ళనీళ్ళు తిరుగుతాయి గానీ పట్టు వదులుతుంది" అంటున్నారు స్నేహితులు. అంత నొప్పి భరించాల్సిందేనా?

పరుగుబాట:
భరించాల్సిందేనండీ. నేను మారథాన్‌లు పరిగెడతాను. పిక్కలు రాయిలా బిగుసుకున్నప్పుడు పైపైన నూనె రాసి నిమిరితే ఏం లాభం? మోచేత్తో గట్టిగా నొక్కాలి. అప్పుడే శ్రమకి కండరాల్లో పేరుకున్న లాక్టిక్ యాసిడ్ బయటికి పోతుంది.

నిదానం:
ఫిజియోథెరపీ నా వృత్తి, అందుకే ఈ మాట వదిలెయ్యలేను. పరుగు ఆపాక గంట, గంటన్నరలోపే లాక్టేట్, అంటే మీరన్న లాక్టిక్ యాసిడే, మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాడు మొదలై మూడు రోజులదాకా ఉండే నొప్పికి అది కారణం కాదు. అలవాటు లేని శ్రమకి కండరపు పోగులు సూక్ష్మంగా దెబ్బతినడం, దానివల్ల వచ్చే వాపు కారణం. అలాంటి చోట మోచేత్తో నలిపితే దెబ్బ మీద దెబ్బే.

డీప్ టిష్యూ వద్దని కాదు. నెమ్మదిగా, ఒక్కోచోట ఆగి నొక్కడంలో ఉంది దాని పనితనం. మీకు తెలియకుండానే ఊపిరి బిగబట్టినా, పిడికిలి బిగుసుకున్నా ఒత్తిడి మితిమీరిందన్నమాట. అప్పుడు కండరం వదలదు, ఎదురుతిరుగుతుంది. "కాస్త తగ్గించండి" అని నోరు తెరిచి చెప్పాలి.

మెడనొప్పి గారూ, భుజం పైన ఒకచోట నొక్కితే నొప్పి కణతదాకా పాకుతోందా? అయితే అది ట్రిగ్గర్ పాయింట్ కావచ్చు, అంటే కండరంలో గట్టిపడి, నొక్కితే నొప్పిని మరోచోటికి పాకించే చిన్న బిందువు. అమెరికా అధ్యక్షుడు కెనెడీకి వైద్యం చేసిన డాక్టర్ జానెట్ ట్రావెల్ ఏళ్ళ తరబడి పరిశీలించింది వీటినే. దానికి ఒళ్ళంతా మర్దన అక్కర్లేదు.

వెన్నెల:
మా అమ్మ రక్తం పలచబడే మందులు వాడుతుంది. అది అడక్కుండానే గట్టిగా మర్దన చేశారు, వీపంతా కమిలిపోయింది. ఇప్పటికీ తలచుకుంటే కోపం వస్తుంది. ఏ రకం అనేదానికన్నా ముందు, ఏ మందులు వాడుతున్నారో, ఎముకలు గుల్లబారాయేమో అడిగేవాళ్ళని వెతకండి. ఒక్క పిక్కే వాచి, వేడిగా ఉంటే అసలు ముట్టుకోనివ్వొద్దు, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు.

నూనె గిట్టనివాళ్ళకి షియాట్సు (వేళ్ళతో నొక్కే జపాన్ మర్దన), థాయ్ మసాజ్ ఉన్నాయి, రెండూ బట్టలతోనే చేస్తారు. థాయ్‌లో కాళ్ళూ చేతులూ బాగా సాగదీస్తారు, కీళ్ళు సహకరించనివాళ్ళకి కష్టం.

పరుగుబాట:
లాక్టిక్ యాసిడ్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ గట్టి ఒత్తిడితో నాకు ఒళ్ళు తేలికవడం మాత్రం నిజం. పోటీకి ముందురోజు నేనూ చేయించుకోను, నాలుగైదు రోజుల ముందే.

నిదానం:
అది సరైన పద్ధతే. మెడనొప్పి గారూ, చేతి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా?

మెడనొప్పి:
కణతదాకా ఏమీ పాకడం లేదు గానీ, పొద్దున్నే బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరిగా ఉంటున్నాయి. కూర్చోవడం వల్లేమో అనుకున్నా.

నిదానం:
అయితే మసాజ్ సంగతి పక్కన పెట్టండి. మెడలోగానీ మణికట్టులోగానీ నరం నొక్కుకుపోతోందేమో డాక్టరుకి చూపించుకోండి. అది తేలేదాకా మెడ మీద ఎవరినీ గట్టిగా నొక్కనివ్వకండి, మెడ విరవనివ్వకండి.

మెడనొప్పి:
రేపే వెళ్తాను.