నలభై లోపే డైవర్టిక్యులైటిస్ వస్తే పేగు ముక్క కోయించేయాలా?

కృష్ణాతీరం: మా తమ్ముడికి 37 ఏళ్ళు. పోయిన నెల ఎడమ పొత్తికడుపులో నొప్పి, జ్వరం. స్కాన్‌లో డైవర్టిక్యులైటిస్ అని తేలింది. పెద్దపేగు గోడ బలహీనపడిన చోట చిన్న తిత్తులు పొడుచుకొస్తాయట, అవి వాచాయి. చీము లేదు, చిల్లు పడలేదు, వారంలో తగ్గింది. ఇప్పుడు ఒక సర్జన్ గారు "చిన్న వయసులో వచ్చిందంటే మొండి రకం, ఆ ముక్క తీయించేయండి" అంటున్నారు. ఇంకో డాక్టరు అక్కర్లేదన్నారు. ఇంట్లో ఒకటే టెన్షన్.

పాతకత్తి: నేను రిటైరైన సర్జన్ని. మాకు నేర్పింది అదే. 50 లోపు వాళ్ళకి ఒక్కసారి వచ్చినా ఆపరేషన్ గురించి ఆలోచించు, పెద్దవాళ్ళకైతే రెండోసారి దాకా ఆగు. కుర్రాడికి ఇంకా 40 ఏళ్ళ బతుకుంది. అన్నేళ్ళలో తిరగబెట్టదని ఎవరు పూచీ?

స్కాన్‌గది: సార్, ఆ పాఠం ఏ రోజులదో చూడండి. సీటీ స్కాన్ లేనప్పుడు కుర్రాడికి కడుపునొప్పి వస్తే ఈ జబ్బు ఎవరికీ తట్టేది కాదు. అపెండిక్స్ అనుకుని కడుపు తెరిస్తే బయటపడేది. తేలిగ్గా వచ్చి తగ్గిపోయినవాళ్ళు లెక్కలోకే రాలేదు. ముదిరినవాళ్ళనే లెక్కేసి, చిన్నవాళ్ళలో ఉధృతం అనేశాం. తిరగబెట్టడం వాళ్ళలో కాస్త ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ చిల్లు పడటం ఎక్కువగా మొదటిసారే జరుగుతుంది. అది దాటినవాడికి ముందుజాగ్రత్త కోత ఎందుకు? వయసు ఒక్కటే చూసి కోయొద్దని అమెరికా పెద్దపేగు సర్జన్ల సంఘమే 2020లో చెప్పింది.

కోనసీమ కోడలు: అందరూ కుర్రాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. మా అత్తగారికి 78. మోకాళ్ళకి రోజూ నొప్పి మాత్రలు మింగేవారు. జ్వరం లేదు, కడుపు పట్టుకుని అరిచిందీ లేదు. "అన్నం సయించట్లేదే" అని కంచం పక్కకి జరిపారు, అంతే. గ్యాస్ అనుకుని రెండు రోజులు వాము నీళ్ళు పట్టాం. మూడోరోజు పొద్దున కాఫీ గ్లాసు ఇస్తే చేత్తో పట్టుకోలేకపోయారు. స్కాన్ తీస్తే పేగుకు చిల్లు. ఆ రాత్రే ఆపరేషన్, మలం పోవడానికి పొట్టమీద సంచి. ఇప్పటికీ ఆ సంచితోనే ఉన్నారు. వయసుకి సంబంధం లేదంటే నేను నమ్మను.

స్కాన్‌గది: నేనూ లేదనలేదు అక్కా. పెద్దవాళ్ళలో ఇది చప్పుడు లేకుండా వస్తుంది. కడుపు గట్టిపడకపోవచ్చు, రక్తంలో తెల్లకణాలూ పెరక్కపోవచ్చు. నొప్పి మాత్రలు గుర్తుల్ని కప్పేయడమే కాదు, చిల్లు పడే ప్రమాదాన్నీ పెంచుతాయి. అత్యవసర ఆపరేషన్ తట్టుకోవడమూ కష్టం. అందుకే 70 దాటినవాళ్ళని స్కాన్‌కి పంపడంలో తొందరపడాలి. 37 ఏళ్ళవాణ్ణి కత్తి కిందికి పంపడంలో కాదు.

పాతకత్తి: సరే, ఒక్కసారికే కోయడం వదిలేస్తా. కానీ ఏడాదికి మూడుసార్లు మంచమెక్కేవాడి సంగతి? నడిసముద్రంలో ఓడ మీద పనిచేసేవాడైతే? అక్కడ నేను ఇప్పటికీ కత్తి వైపే. ఇంకోటి, ఈ మధ్య యాంటిబయాటిక్ కూడా వద్దంటున్నారు. స్వీడన్, ఐస్‌లాండ్‌లలో 623 మందితో చేసిన ఆ పరిశోధన 2012లో వచ్చింది, చదివాను. చీము, చిల్లు లేవని సీటీలో తేలినవాళ్ళ మీద చేసింది. దాన్ని తెచ్చి, వంట్లో శక్తి లేని 80 ఏళ్ళ షుగర్ పేషెంటుకి అంటగడితే ఊరుకోను.

స్కాన్‌గది: ఆ మాటకి నేనూ మీ వైపే.

కృష్ణాతీరం: తమ్ముడి బరువు 98 కిలోలు, చెప్పడం మర్చిపోయా. గింజలు ఇరుక్కుంటాయని అమ్మ జామకాయలు మాన్పించేసింది.

స్కాన్‌గది: తిననివ్వండి. 47 వేల మంది మగవాళ్ళని 18 ఏళ్ళు గమనించి, గింజపప్పులు, పాప్‌కార్న్ వల్ల ఇది రాదని 2008లోనే తేల్చారు. బరువు మాత్రం తగ్గాలి. వాపు పూర్తిగా పోయాక, 6 నుంచి 8 వారాలకి, కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) గురించి డాక్టర్ని అడగండి. కేన్సర్ లేదని చూసుకోవడానికి.

కృష్ణాతీరం: అమ్మ జామకాయకి ఒప్పుకుంది. బరువు మాటెత్తగానే తమ్ముడు ఫోన్ పెట్టేశాడు.