విపశ్యన తర్వాత ఇంటి పనుల మధ్య ఎరుక నిలుపుకోవడం ఎలా?

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్త అనే ధ్యాన కేంద్రంలో 10 రోజుల విపశ్యన ధ్యాన శిబిరం ఈమధ్యే పూర్తిచేశాను. మొదట ఆనాపాన, అంటే వచ్చే పోయే శ్వాసను ఉన్నదున్నట్టు గమనించడం. తర్వాత ఒంట్లో కలిగే సంవేదనలను, అంటే వేడి, నొప్పి, దురద లాంటివాటిని చూడటం. అక్కడంతా మౌనమే, ఫోన్ కూడా ఉండదు, కాబట్టి మనసు నిలిచింది.

ఇంటి దగ్గర రోజూ పొద్దున, సాయంత్రం గంట చొప్పున ధ్యానానికి కూర్చోమన్నారు. పొద్దున కుదురుతోంది. నా అసలు సందేహం వేరు. పోపు వేస్తున్నప్పుడు, పాప మారాం చేసి కోపం తన్నుకొచ్చే ఆ క్షణంలో ఏం గమనించాలి? శ్వాసనా, చేస్తున్న పనినా? రెండూ చూడబోతే టెన్షన్ పెరుగుతోంది. పాపతో విసుగు లేకుండా ఉండాలని నాకు చాలా ఉంది. పిల్లల్ని పెంచుతూనే ఏళ్ళుగా సాధన చేస్తున్నవాళ్ళు, అలాంటప్పుడు మీరేం చేస్తారో దయచేసి చెప్పండి.